బిందెలోని జత

కోతపండగ నాడు యేసమ్మ చేసిన పనిని మదనపల్లె క్రైస్తవ గుడిలో జనమంతా మెచ్చుకున్నారు. మెచ్చుకున్నవాళ్లలో ఒక్కరైనా ఆ తర్వాత వచ్చి చూశారా అంటే లేదు. చూడాల్సినదంతా యేసమ్మే చూసింది, పడాల్సినదంతా ఆమే పడింది.

పుంగనూరు నుంచి మదనపల్లె పోయే బాటలో ఒక మిషన్ ఆసుపత్రి ఉండేది. అక్కడ కోళ్లు చూసుకునే మనిషి యేసమ్మ. రోగులకు రోజూ గుడ్లు అందించడం ఆమె పని. యాభై దాటిన విధవరాలు, పిల్లలు లేరు, కోపం ముక్కు మీదే ఉంటుంది, నోరు ముగ్గురు మనుషులకు సరిపోయేంత. ఆమె దొడ్డిలో నాటుకోళ్లు ముప్పైదాకా ఉండేవి, డాక్టరు దొరసాని బెంగుళూరు నుంచి తెప్పించిన తెల్ల సీమకోళ్లు పది, బాతులు ఆరు. ఇవి కాక ఒక జత గిన్నికోళ్లు.

గిన్నికోడిని చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. ఒళ్లంతా బూడిదరంగు, దాని మీద ఎవరో పనిగట్టుకుని ముగ్గుపిండితో చుక్కలు పెట్టినట్టుంటుంది. తల బోడి, నెత్తిన చిన్న కొమ్ము. గూట్లో పడుకోదు, పొద్దు గూకితే చెట్టెక్కుతుంది. పాము కనిపించినా, కొత్త మనిషి కనిపించినా ఊరు లేచేట్టు అరుస్తుంది. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అది ఒంటరిగా ఉండలేదు. దాని జాతిది ఇంకొకటి కళ్లెదుట తిరుగుతుండాలి. ఈ సంగతి యేసమ్మకు ఆ రోజుల్లో తెలియదు. కోడి కోడే కదా, అన్ని కోళ్ల మధ్య ఒకటి తక్కువైతే ఏమవుతుందిలే అనుకుంది.

ఆ జత వచ్చింది కుప్పం నుంచి. 1942లో అంజినప్ప అనే రైతు తన భార్య నాగరత్నమ్మను తెచ్చి ఈ ఆసుపత్రిలో చేర్చాడు. ఆమెకు క్షయ. కుప్పం శివార్లలో అతనికి మామిడితోట ఉంది, తోట కాపలాకు గిన్నికోళ్లను పెంచుతాడు. డాక్టరు దొరసానికి కానుకగా గంపలో ఒక జతను తెచ్చి ఇచ్చాడు. నెలకోసారి వచ్చి చూసిపోతానన్నాడు. మొదటి ఏడు రెండుసార్లు వచ్చాడు. తర్వాత మనిషీ లేడు, జాబూ లేదు. దొరసానికి ఆ పక్షుల గోల పడక వాటిని యేసమ్మకే ఇచ్చేసింది. అట్లా భార్యను ఒకచోట, పక్షుల్ని ఒకచోట దింపి ఆ మహానుభావుడు చేతులు దులుపుకున్నాడు.

నాగరత్నమ్మను ఉంచింది వేపచెట్ల అవతల, ఆవరణ చివరనున్న ఒంటిగది షెడ్డులో. ఆమె వెంట తెచ్చుకున్నవి ఒక ట్రంకుపెట్టె, ఒక ఇత్తడి బిందె. ఊరి నడుమ ఇల్లున్న కులం ఆమెది. తన వంట తానే వండుకునేది, ఆయాసపడుతూనే బావికి పోయి తన నీళ్లు తానే తోడుకునేది. ఆ బిందెను ఇంకొకరు ముట్టకూడదు. యేసమ్మ రోజూ రెండు గుడ్లు అరుగు మీద పెట్టి మూడు బారలు వెనక్కి జరిగితే గానీ ఆమె లేచి వచ్చి తీసుకునేది కాదు. యేసమ్మ ఊరవతలి వాడలో పుట్టిన మనిషి, వెనక్కి జరగడం ఆమెకు కొత్త కాదు. కానీ బాప్తిస్మం పుచ్చుకుని, మిషన్ ఆవరణలో ఉంటూ కూడా జరగాల్సి వచ్చిందే అని లోపల గుచ్చుకునేది. రోజూ మండిపడుతూనే గుడ్లు పెట్టేది, మండిపడుతూనే ఆమె తిన్నదా లేదా అని తిరిగి చూసేది.

మిగతా జనానికి కులం పట్టింపు లేదు గానీ రోగమంటే హడల్. కాంపౌండరు భార్య ఎలిజబెత్ ఆ షెడ్డు దాటేటప్పుడు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అడుగులు పెద్దవి చేసేది. వీళ్లు పోరు, ఆమె రానివ్వదు. రెండేళ్లలో నాగరత్నమ్మ పక్కన కూర్చున్న ప్రాణి లేదు. తిండి సగం తిని సగం వదిలేసేది. మందులు కాదు, మనిషి కావాలి ఈమెకు అని దొరసాని ఒకటి రెండుసార్లు అన్నది కూడా. అని ఊరుకుంది.

ఇక కోతపండగ. వేరుశనగ కోతలయ్యాక ఏటా మదనపల్లె గుడిలో ఆ పండగ చేస్తారు. ఎవరికి కలిగింది వాళ్లు తెచ్చి దేవుని ముందు పెడతారు. గుమ్మడికాయలు, రాగుల మూటలు, చింతపండు, కోడిపుంజులు, మేకపిల్లలు. ఆరాధన అయ్యాక బయట వేలం. తెచ్చినవాళ్ల పేరు పిలిచి, వస్తువును పైకెత్తి చూపించి పాట పాడిస్తారు. ఎలిజబెత్ ఏటా ఒక గుమ్మడికాయ తెచ్చేది, ఇద్దరు కలిసి ఎత్తాల్సినంతది. దాన్ని ఎత్తినప్పుడల్లా జనం నోళ్లు వెళ్లబెట్టేవాళ్లు. యేసమ్మ బుట్టెడు గుడ్లు తెచ్చేది. గుడ్లను ఎవరు పైకెత్తి చూపిస్తారు? పేరు కూడా సరిగ్గా పిలిచేవాళ్లు కాదు. 1944 పండగకు యేసమ్మకు పౌరుషం పుట్టుకొచ్చింది. గిన్నికోళ్లలో మగదాన్ని పట్టి గంపలో పెట్టుకుని బండెక్కింది. దేవునికి ఇచ్చేటప్పుడు ఉన్నదాంట్లో మేలైనదే ఇవ్వాలని దారి పొడుగునా అందరికీ చెప్పింది. అసలు సంగతి మాత్రం గుమ్మడికాయే.

వేలంలో దాన్ని పైకెత్తగానే అది గుడి గోడలు అదిరేట్టు అరిచింది. పిల్లలు గంతులేశారు, పెద్దలు చప్పట్లు కొట్టారు, పాస్టరు అయ్యగారు యేసమ్మ పేరు రెండుసార్లు పిలిచారు. ఒక ప్లీడరు గుమాస్తా పాడుకుని తీసుకుపోయాడు, ఆ మధ్యాహ్నమే కూర వండించాడు. ఎలిజబెత్ ముఖం మాడిపోయింది. యేసమ్మ ముఖం చేటంత అయింది. తిరుగుబండిలో పాటలు కూడా పాడింది.

ఆ సంబరం మరునాడు తెల్లవారేదాకే నిలిచింది. మిగిలిన ఆడపక్షి గోడ వెంబడి ఆ చివరి నుంచి ఈ చివరికి పరుగెత్తడం మొదలుపెట్టింది. కెక్కె, కెక్కె అని రెండు అరుపులు అరిచి ఆగేది. మెడ సాచి వినేది. మళ్లీ అరిచేది. వేపచెట్టెక్కి అరిచేది, దిగి అరిచేది. రెండు రోజులైతే మరిచిపోతుందిలే అనుకుంది యేసమ్మ. వారమైనా మరిచిపోలేదు. కోళ్లతో కలిస్తే సరిపోతుందని గూట్లో వేసి మూసింది. తెల్లవారి తలుపు తీస్తే కోళ్లన్నీ ఒక మూల కుప్పబడి ఉన్నాయి, ఇది ఇంకో మూల ఒంటరిగా నిలబడి ఉంది.

అది మెల్లగా పొగరుబోతుగా తయారైంది. తెల్లపుంజు వెనకనుంచి పరుగెత్తుకొచ్చి తోక ఈకలు పీకేది. గింజలు చల్లితే కోళ్లను తరిమికొట్టేది, తరిమి తాను మాత్రం తినేది కాదు. చెడ్డ పక్షి అని అందరూ తిట్టారు. యేసమ్మ కూడా తిట్టింది. కానీ రోజంతా కోళ్లతో ఉండే మనిషి కదా, ఒకటి గమనించింది. పుంజును పొడిచిన తర్వాత అది పారిపోదు, దాని ఎదుటే నిలబడి ఆ రెండు అరుపులూ అరుస్తుంది. జవాబు కోసం చూస్తుంది. పుంజుకు ఆ భాష తెలియదు, అది దాని దారిన అది పోతుంది. అది చూసిన రోజు యేసమ్మ, గుమ్మడికాయ మీది పంతానికి దీని ఉసురు పోసుకున్నానే అని దొడ్లో కూర్చుని ఏడ్చింది.

ఎండలు ముదిరే రోజుల్లో ఆ పక్షి ఎట్లా పోయిందో ఏమో నాగరత్నమ్మ షెడ్డు దగ్గరికి పోయింది. పోయి అరుగు కింద నిలబడింది. అరవలేదు. పొద్దెక్కేదాకా అక్కడే ఉంది. మరునాడూ పోయింది. మూడోనాడు యేసమ్మ గుడ్లు తీసుకుని పోయేసరికి నాగరత్నమ్మ అరుగు అంచున కూర్చుని రాగులు చల్లుతోంది, ముఖంలో ఎన్నడూ లేని కళ.

"సూడు యేసమ్మా, మా తోటలో పుట్టిన పక్షి ఇది. నేను పొదగేసిందే," అన్నది. "రెండేండ్లకైనా నన్ను కనుక్కున్నాది."

రెండేళ్లలో ఆమె అంత మాట ఆడటం అదే మొదలు. ఆ రోజు ఇంకా చెప్పింది. ఈ గుడ్లను కోడిగుడ్లతో కలిపి ఒకే కోడి కింద పెట్టకూడదట. కోడిపిల్లలు మూడు వారాలకే లేస్తాయి, ఇవి లేవాలంటే ఇంకో వారం కావాలి. తన పిల్లలు లేవగానే తల్లికోడి వాటిని తీసుకుని వెళ్లిపోతుంది, ఈ గుడ్లు చల్లబడి లోపలి పిల్లలు లోపలే చచ్చిపోతాయి. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు తెలియక అట్లా పెట్టి పన్నెండు గుడ్లు పాడుచేసి అత్త చేత తిట్లు తిన్నదట. మూడు బారల దూరాన నిలబడే యేసమ్మ గంటసేపు విన్నది. తనకు తెలియనిది కోళ్లలో ఇంకా ఉందని ఒప్పుకోవడం ఆమెకు సులభం కాదు, అయినా విన్నది.

ఆ నాటినుంచి నాగరత్నమ్మ తిండి తినసాగింది. తాను ఒక ముద్ద, పక్షికి ఒక ముద్ద. రెండు నెలల్లో మూడు పౌన్లు బరువు పెరిగిందని దొరసాని సంబరపడింది. ఇద్దరికీ తోడు దొరికిందని ఆవరణంతా చెప్పుకున్నారు.

అది నిజం కాదని తెలిసింది యేసమ్మ ఒక్కదానికే. ఆ పక్షి మనిషి వైపు చూసేది కాదు, బిందె వైపు చూసేది. అరుగు మీద బోర్లించిన ఇత్తడి బిందె ఎండలో మెరుస్తుంటే, దాని వంపులో ఇంకో గిన్నికోడి కనిపించేది. ఇది తల వంచితే అదీ తల వంచేది. ఇది గొణిగితే అదీ నోరు తెరిచేది. అప్పుడప్పుడు బిందె వెనక్కి పోయి వెతికేది, ఎవరూ లేక తిరిగి ముందుకొచ్చేది. ఒకరోజు మబ్బు పట్టి తుంపర పడితే నాగరత్నమ్మ బిందెను లోపల పెట్టింది. పక్షి వచ్చి అరుగును చూసింది. రాగులు చల్లి పిలుస్తున్నా ఆగకుండా అరుచుకుంటూ వెళ్లిపోయింది. వానకు భయపడిందిలే పాపం అన్నది నాగరత్నమ్మ. బిందె మెరుపంటే దానికి ఇష్టమని మాత్రం కనిపెట్టింది, చింతపండూ ఇటికపొడీ వేసి రోజూ ఇంకా గట్టిగా తోమేది. యేసమ్మ నోటిదాకా వచ్చిన మాటను మింగింది. ఆమె జన్మలో మాట మింగిన సందర్భాలు మూడో నాలుగో, అందులో ఇదొకటి.

మింగింది గానీ చూస్తూ ఉండలేకపోయింది. పక్షి నానాటికీ చిక్కిపోతోంది. బిందెలో ఉన్నది ఎంతసేపటికీ బయటికి రాదు కదా, దాన్ని పొడిచి పొడిచి ముక్కు నెత్తురు కారేది. పొద్దు వాలి బిందె మసకబారగానే మళ్లీ గోల. తెల్లవారుజామున మరీ గోల. వార్డులో రోగులు మొరపెట్టుకున్నారు. చివరికి దొరసాని పిలిచి, ఈ నెలాఖరులోగా దాని నోరు మూయించే దారి చూడు, లేకపోతే వంటవానికి అప్పగిస్తానని తేల్చేసింది. ఒకదాన్ని కూర చేయించింది చాలదా, ఇంకొకటి కూడానా అని యేసమ్మ ఒళ్లు మండింది. మండింది తన మీదే. కుప్పం పోయి అంజినప్పను అడిగి ఇంకొక గిన్నికోడిని తెస్తానని నాగరత్నమ్మకు చెప్పింది.

నాగరత్నమ్మ బిందె మీద చేత్తో తడుముతూ కూర్చుంది. తర్వాత మెల్లగా అన్నది.

"ఆయప్పను ఒకసారి రమ్మని చెప్పు యేసమ్మా. నన్ను తోడుకోని పొమ్మనను. వచ్చి రోంతసేపు కూసోని పోతే సాలు."

దాంతో యేసమ్మ బుర్రలో ఒక ఏర్పాటు కుదిరిపోయింది. జత వచ్చిందంటే ఈ పక్షి షెడ్డు దిక్కే చూడదు, అది ఆమెకు తెలుసు. పక్షి పోయినా మొగుడు వచ్చి పలకరించి పోతుంటే నాగరత్నమ్మకు ఏ లోటూ ఉండదు. పక్షికి పక్షి, మనిషికి మనిషి. రెంటినీ తెస్తే ఎవరికీ అన్యాయం జరగదు. ఏ ఒక్కటి తప్పినా ఆ షెడ్డులో మనిషి మళ్లీ మొదటికొస్తుంది, ఈసారి తట్టుకోలేదు. అంత బరువు నెత్తిన పెట్టుకుని యేసమ్మ పుంగనూరులో బస్సెక్కింది.

యుద్ధం రోజులు, పెట్రోలు లేదు, బస్సుకు వెనక బొగ్గు పొయ్యి. ఎత్తు వచ్చినప్పుడల్లా జనం దిగి తోయాలి. పలమనేరులో మిషన్ బడి పంతులింట్లో పడుకుని, మరునాడు ఇంకో బస్సు పట్టుకుని కుప్పం చేరింది. మామిడితోట దూరాన ఉండగానే గిన్నికోళ్లు ఇరవైదాకా ఒక్కసారిగా అరిచాయి. ఒకటి అరిస్తే ఇంకొకటి జవాబిచ్చింది, దానికి ఇంకొకటి. ఇన్ని నెలలుగా తన పక్షి చెవి పెట్టి విన్నది దీనికోసమే కదా అని యేసమ్మ బాటలోనే నిలబడిపోయింది.

అంజినప్ప ఇంటి ముందర మంచం మీద కూర్చుని ఉన్నాడు. లోపలినుంచి ఒక చిన్న వయసు ఆడమనిషి బయటికొచ్చి చూసింది. నిండు గర్భిణి, నడుము మీద చేయి పెట్టుకుని నిలబడింది. మెడలో పసుపుతాడు కొత్తది. యేసమ్మ చూపు పసిగట్టి అంజినప్ప ఏమాత్రం తడబడకుండా, ఇల్లు చూసుకునేదానికి ఒక దిక్కుండాలి కదా అన్నాడు. ఎనిమిదో నెల అని ఎంతో మురిపెంగా చెప్పాడు కూడా. యేసమ్మ తాను ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో చెప్పింది. నాగరత్నమ్మ ఎట్లుందని అడుగుతాడని ఎదురుచూసింది.

"బిందె ఉండాదా?" అని అడిగాడు అంజినప్ప.

ఉందని చెప్పింది యేసమ్మ. రోజూ తోముతుంది, అద్దం మాదిరి ఉంటుందని కూడా చెప్పింది. ఎందుకు చెప్పిందంటే, ఆ నోటికి ఊరుకోవడం చేతకాదు. అంజినప్ప ముఖం వికసించింది. అది అతని తల్లి బిందె. యుద్ధం వచ్చినాక ఇత్తడి ఏ అంగట్లోనూ దొరకడం లేదు, రేపు పురిటికి నీళ్లు కాచాలంటే ఇంట్లో ఉన్నవన్నీ మట్టికుండలే, అత్తగారివాళ్లు ఎత్తిపొడుస్తున్నారు. ఇదంతా చెప్పుకొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"మీవోళ్లెవురూ దాన్ని ముట్టలేదు గదా?"

"లేదప్పా. ఆయమ్మ ముట్టనీలేదు," అన్నది యేసమ్మ.

నాగరత్నమ్మ ఒకసారి వచ్చి పొమ్మన్నదని చెప్పి గిన్నికోడి అడిగితే, అంజినప్ప అడ్డం చెప్పకుండా లేచి పట్టించాడు. ఆడదా మగదా అని అడిగితే, యాదైనా సరే, దాని జాతిదైతే సాలప్పా అన్నది. వచ్చే బుధవారం వస్తాను, బిందె తీసిపెట్టమని ఆమెకు చెప్పు అన్నాడు. ఆమెను చూడటానికి అన్న మాట అతని నోట రాలేదు. గంప మూత కట్టుకుంటూ యేసమ్మ ఆ ముఖం మీద నాలుగు దులిపేద్దామనుకుంది. దులిపేస్తే కోడి పోతుంది, మనిషీ రాడు. రెండో మింగుడు అక్కడ మింగింది.

దారంతా తనకు తాను సర్ది చెప్పుకుంది. బిందె కోసమైనా రానీ. వస్తే భార్య ముఖం చూడక తప్పుతుందా? ఏడేళ్లు కాపురం చేసిన మొగుడు, ఆ చిక్కిన చేతులు చూస్తే రాయైనా కరగదా? కూర్చుంటాడు, నాలుగు మాటలు మాట్లాడతాడు. బిందె సంగతి ముందే చెప్పి ఆమె ప్రాణం ఉసూరుమనిపించడం ఎందుకు? పలమనేరు ఎత్తులో బస్సు తోస్తూ కూడా ఇదే లెక్క. మనిషి తనను తాను మోసం చేసుకోవాలనుకుంటే ఎన్ని దారులో చూడండి.

నాగరత్నమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏమన్నాడు అని కళ్లతోనే అడిగింది.

"బుధవారం వస్తానన్న్యాడమ్మా," అన్నది యేసమ్మ. అంతే చెప్పింది.

కొత్తపక్షిని కాలికి తాడు కట్టి రెండు రోజులు దొడ్లో ఉంచింది. పాతది దాని కూత వినగానే షెడ్డు దగ్గరినుంచి నేల మీద కాళ్లు ఆనకుండా వచ్చింది. ఒకదాన్నొకటి చుట్టూ తిరిగి చూసుకున్నాయి. ఒకటి కెక్కె అంటే ఇంకొకటి అన్నది. ఆ సాయంత్రం పాతది కడుపునిండా తిన్నది. తాడు విప్పగానే రెండూ కలిసి గోడ దూకి చేలల్లోకి పోయాయి, పొద్దు గూకితే ఒకే కొమ్మ మీద చేరాయి. అరుపు లేదు, తోక పీకడం లేదు. దొరసాని యేసమ్మను పిలిచి మెచ్చుకుంది. యేసమ్మకు నిజంగానే గుండె మీది బండ దిగినట్టయింది.

పక్షి రావడం మానేసిందని నాగరత్నమ్మ గమనించింది. కొత్త చుట్టం కదా, రెండు రోజులైతే రెండూ కలిసి వస్తాయిలే అన్నది. ఆమె ధ్యాస బుధవారం మీద ఉంది. ట్రంకుపెట్టెలోనుంచి అంచు చీర తీసి ఎండలో వేసింది. తలంటుకుంది. మంగళవారం సాయంత్రం బిందెను చింతపండుతో ఒకసారి, బూడిదతో ఒకసారి, మళ్లీ చింతపండుతో ఒకసారి తోమింది. దగ్గు తెరలు తెరలుగా వస్తున్నా ఆపలేదు. ఎందుకమ్మా అంత తోమేది అని యేసమ్మ అడిగితే, ఆయప్ప అమ్మ బిందె ఇది, నల్లగా ఉంటే మనసు నొచ్చుకుంటాడు అన్నది. అప్పుడైనా చెప్పాల్సింది. నోరు రాలేదు. మూడో మింగుడు అది.

బుధవారం పొద్దు నడినెత్తికి రాకముందే అంజినప్ప వచ్చాడు. యేసమ్మ వేపచెట్టు కింద గంపలు సర్దుతున్నట్టు నటిస్తూ నిలబడింది. అతను అరుగుకు చాలా ఎడంగా ఆగి, కండువా ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. అరుగు మీద బిందె ఎండకు ధగధగలాడుతోంది. దాన్ని చూడగానే అతని కళ్లు వెలిగాయి. ఆ వెలుగు తనకోసమనుకుని నాగరత్నమ్మ తల వంచుకుని నవ్వింది. చాప పరిచి ఉంది, కూర్చోమన్నది.

"కూసునేదానికి టైము లేదు. బస్సు పోతాది," అన్నాడు అంజినప్ప. "బిందె ఇయ్యి. ఇంట్లో పురుడు, నీళ్లకు కావాల."

నాగరత్నమ్మ అతని వైపు చూసింది. తర్వాత చెట్టు కిందున్న యేసమ్మ వైపు చూసింది. బిందె ఎత్తుకుని అరుగు దిగింది, చేతికివ్వబోతే అతను ఐదారడుగులు వెనక్కి జరిగి నేల మీద పెట్టమన్నాడు. రెండేళ్లుగా ఆమె యేసమ్మను నిలబెట్టిన దూరం సుమారుగా అంతే ఉంటుంది. పెట్టింది. అతను కాలవ గట్టుకు దొర్లించుకుపోయి గుప్పెళ్లకొద్దీ ఇసుకతో లోపలా బయటా రుద్ది, నాలుగుసార్లు కడిగి, గోనెసంచిలో మూటగట్టి నెత్తిన పెట్టుకున్నాడు. వస్తానని చెప్పాడో లేదో యేసమ్మకు వినిపించలేదు. మొత్తం కలిపి పావుగంట పట్టి ఉంటుంది.

యేసమ్మ అరుగు దగ్గరికి వచ్చింది. మూడు బారల కాడ ఆగడం మరిచిపోయింది. నాగరత్నమ్మ అంచు చీరలోనే చాప మీద కూర్చుని ఉంది.

"ఎన్నో నెల యేసమ్మా?"

"ఎనిమిది."

బావి గిలక ఎవరో లాగుతున్న చప్పుడు వినిపించింది. నాగరత్నమ్మ తన అరచేతులు తిప్పి చూసుకుంది. చింతపండు పులుపుకు వేళ్ల చివర్లు తెల్లగా చివికిపోయి ఉన్నాయి.

"నువ్వు ముందే చెప్పింటే," అన్నది, "మసి పట్టించి ఇచ్చిందును."

యేసమ్మకు తల కొట్టేసినట్టయింది. మదనపల్లెలో పుట్టిన ఒక్క పంతం ఎక్కడినుంచి ఎక్కడికి వచ్చిందో ఆమెకు అంతా ఒక్కసారే కనిపించింది.

మధ్యాహ్నం గుడ్లు తీసుకుని పోతే పొద్దున పెట్టిన గుడ్లు అట్లాగే ఉన్నాయి. నాగరత్నమ్మ గోడవైపు తిరిగి పడుకుని దగ్గుతోంది. గదిలో చుక్క నీళ్లు లేవు. తోడుకోవడానికి బిందె లేదు, ఉన్నా లేచే ఓపిక లేదు. యేసమ్మ తన ఇంటికి పోయి తన మట్టికుండ కడిగి, బావి నీళ్లు నింపి తెచ్చింది. గడప కాడ ఆగి, నీళ్లు తెచ్చినానమ్మా, మా కుండలోవి అని చెప్పింది. కాసేపటికి లోపలికి పోయి లోటాలో వంచి ఇచ్చింది.

నాగరత్నమ్మ లేచి కూర్చుని రెండు చేతులతో లోటా అందుకుంది. ఎవరి కుండ అని అడగలేదు, యేసమ్మ ముఖం చూడలేదు. ఆపకుండా తాగి ఖాళీ లోటా తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది. గోడ అవతల గిన్నికోళ్లు రెండూ గొణుక్కుంటూ పోతున్నాయి, ఏ ఒక్కటీ ఇటు తొంగి చూడలేదు. తన చేతి నీళ్లు ఈ మనిషి ఒక్కసారైనా తాగితే బాగుండునని రెండేళ్లుగా యేసమ్మ లోలోపల కోరుకుంది. ఈ రోజు తాగింది. యేసమ్మ కుండను దగ్గరికి జరిపి, ఇంకొంచెం వంచమంటావా అమ్మా అని అడిగింది.

"వంచు," అన్నది నాగరత్నమ్మ. "ఇంక నాకు ఏమి పోయేదుండాది?"